మూరెడు గుడ్డ, బెత్తెడు గుడ్డ

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా మన శాఖా గ్రంథాలయంలో ఒక విశ్రాంత హెడ్ నర్సు చేసిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. మైకు వినబడుతోందా వెనకాల? ఆ ఫ్యాను ఒక్కటి కాస్త తగ్గించండి బాబూ, వార్డులో ఆక్సిజన్ సిలిండర్ దగ్గర నిలబడి మాట్లాడుతున్నట్టుంది నాకు.

నాకు ప్రసంగాలు రావు. ముప్పై నాలుగేళ్లు సర్జికల్ వార్డులో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం డ్రెస్సింగ్ రూములోనే గడిచింది. పుళ్లు కడగడం, కట్లు కట్టడం, ఇదీ నాకొచ్చిన విద్య. కార్యదర్శి గారొచ్చి "మనసుకి తగిలిన గాయాల గురించి మాట్లాడండమ్మా" అంటే, అయ్యా, నేను మనసు డాక్టర్ని కాదు అన్నాను. "గాయాల గురించి మీకు తెలిసినంత మాకెవరికి తెలుసు" అన్నారాయన. సరే, తెలిసిన గాయం దగ్గర మొదలుపెడతాను. తెలియని దాన్లోకి ఎంతవరకు వెళ్లగలనో చూద్దాం.

ఇందాక మాస్టారు తిక్కన గారి పద్యం చదివారు కదా, ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పేది. ఒంట్లో విరిగిన అలుగుల్ని, అంటే బాణం ములుకుల్ని, నేర్పుగా లాగెయ్యొచ్చు, మనసులో నాటిన మాటలు మాత్రం ఎన్ని ఉపాయాలు చేసినా బయటికి రావు అని. మాకు స్కూల్లో కంఠతా పెట్టించారు. అప్పుడు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇంకా తర్వాత, డ్రెస్సింగ్ రూములో ఇరవై ఏళ్లు గడిచాక, ఆ పద్యంతో నాకు చిన్న పేచీ మొదలైంది. ఎందుకంటే విదురుడు చెప్పినంత సులువుగా అలుగులు కూడా రావండి! ఒంట్లో గుండు దిగినవాణ్ణి తీసుకొస్తారు. సినిమాలో అయితే వెంటనే తీసి ట్రేలో టంగుమని వేస్తారు. ఆసుపత్రిలో ఏం జరుగుతుందో తెలుసా? చాలాసార్లు దాన్ని తియ్యరు. ఎక్కడుందో చూస్తారు. దాన్ని తియ్యడానికి కోస్తే రక్తనాళమో నరమో తెగేలా ఉంటే వదిలేస్తారు. ఒళ్లు దాని చుట్టూ ఒక గట్టి పొర కట్టుకుంటుంది. మనిషి ఆ గుండుతోనే ఇంటికెళ్తాడు, పొలం పని చేసుకుంటాడు, మనవలనెత్తుకుంటాడు.

ఆ గుండుని కాసేపు అలా ఉంచండి. మళ్లీ వస్తాను.

మీకొక కుర్రాడి సంగతి చెప్పాలి. పేరు చెప్పను. తుంటి మీద సెగ్గడ్డతో వచ్చాడు. మూడోసారో నాలుగోసారో అదే చోట లేచింది. ప్రతిసారీ ఊళ్లో ఎవరి చేతో గాటు పెట్టించుకోవడం, చీము తీయించుకోవడం, పైన మందు రాయించుకోవడం. వారం తిరిగేసరికి పైన చర్మం మూసుకుపోయేది. "మానిపోయింది" అనుకునేవాడు. నెల తిరిగేసరికి మళ్లీ సలపరం, మళ్లీ జ్వరం. మా సర్జన్ గారు వెడల్పుగా కోసి, లోపలంతా శుభ్రం చేసి, కుట్లు వెయ్యకుండా వదిలేశారు. మర్నాడు నేను ఫోర్సెప్స్ పట్టుకుని ఆ గుంటలోకి సెలైన్‌తో తడిపిన గాజ్ గుడ్డ, అదే కట్లకి వాడే పల్చటి జాలీ గుడ్డ, మెల్లగా దూరుస్తున్నాను. మూరెడు గుడ్డ పట్టింది. వాడు పళ్లు బిగించి అడిగాడు, "సిస్టర్, పుండు మూసేస్తారనుకుంటే గుడ్డ కుక్కుతారేంటి?"

మంచి ప్రశ్న కదా? లోతైన పుండు పైనుంచి మూసుకోకూడదు. అడుగునుంచి ఎర్ర కండ పుట్టుకు రావాలి, కొంచెం కొంచెంగా గుంట పూడుతూ పైకి రావాలి, చర్మం అన్నిటికంటే చివర మూసుకోవాలి. చర్మానికి తొందరెక్కువ. అది ముందే మూసేసుకుంటుంది. అలా తొందరపడి మూసుకోకుండా నిలబెట్టడానికే ఆ గుడ్డ. రోజూ మారుస్తాం. నాలుగు రోజులకి మూరెడు గుడ్డ జానెడైంది. పది రోజులకి బెత్తెడు. ఆఖర్న పట్టడానికి చోటు లేక, పైన చిన్న ముక్క వేసి పంపించాను. మళ్లీ ఆ గడ్డతో రాలేదు వాడు. పెళ్లి శుభలేఖ పట్టుకుని వచ్చాడు.

మనవాళ్లు మనసు విషయంలో ఏం చేస్తారంటే, చర్మం చేసే పనే. "పోనీలే", "మర్చిపో", "ఎవరి ఖర్మకి వాళ్లే పోతారు", "అన్నిటికీ కాలమే మందు". పూర్వం వేలు తెగితే కాఫీ పొడి అద్దేవాళ్లు చూడండి, అలాగన్నమాట. నవ్వుతున్నారు, మీ ఇళ్లలో ఇప్పటికీ అద్దుతున్నారని నాకు తెలుసు! రక్తం ఆగుతుంది, నిజమే. లోపల ఏముందో మాత్రం కనబడదు. ఆ మాటలు తప్పని నేననను. చిన్న గీతకి అవి చాలు. దారిన పోయేవాడు తిట్టాడనుకోండి, "పోనీలే" చాలు. దానికి కూర్చుని ఆత్మపరిశీలన చేసుకుంటే మనకే నవ్వొస్తుంది. లోతైనవి వేరు.

ఇంకోటి. నొప్పి లేదు కాబట్టి మానిపోయింది అనుకుంటారు. షుగరు ఉన్నవాళ్లని అడగండి. అరికాల్లో చెప్పు మేకు గుచ్చుకుని, అది పుండై, చీము పట్టి, వాసనొచ్చేదాకా తెలీదు. "నొప్పేం లేదు సిస్టర్" అంటారు. నొప్పి లేకపోవడమే అక్కడ జబ్బు! నాకలాంటి పుండు ఒకటుండేది. నలభై ఆరేళ్లు ఉంది. నొప్పి లేదు. అది చెప్పాలనే ఈ మైకు ముందు నిలబడ్డాను, లేకపోతే డ్రెస్సింగ్ గురించి మీకెందుకు?

మా నాన్న పోయేటప్పటికి నాకు పన్నెండేళ్లు. అమ్మ, నేను, ఇద్దరు తమ్ముళ్లు పెదనాన్న గారింటికి చేరాం. అది కొత్తావకాయ రోజు. మీకు తెలుసుగా, కలిపిన జాడీలో అన్నం వేసి కలిపి ముద్దలు పెడతారు. నేను ఇంకొంచెం అన్నం అడిగాను. అమ్మ హస్తంతో, అంటే అన్నం గరిటెతో, తీసింది. పెదనాన్న వసారాలోంచి, తల కూడా తిప్పకుండా, "మెతుకులేమన్నా చెట్టుకి కాస్తున్నాయా?" అన్నారు.

అంతే. కొట్టలేదు, తిట్టలేదు. ఒక్క మాట.

ఆ తర్వాత చదువుకున్నాను, నర్సు ట్రైనింగు అయ్యాను, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. ఆ మాట నాకు గుర్తు లేదని కాదు, ఉంది. కథలా చెప్పేదాన్ని, నవ్వుతూ కూడా చెప్పేదాన్ని. మానిపోయిందనే అనుకున్నాను. రిటైరైన ఏడాది, నా యాభై ఎనిమిదో ఏట, మా అబ్బాయి దగ్గరికి వెళ్లి నెలరోజులున్నాను. ఒకరోజు మా కోడలు చేతిలో గిన్నె పట్టుకుని అలా నిలబడిపోయి, "అత్తయ్యగారూ, ఒక్క మాట అడగనా? నా వంట మీకు నచ్చదా?" అంది. అదేంటమ్మా, బాగానే ఉందిగా అన్నాను. "పెళ్లై ఆరేళ్లైంది. మీరు ఒక్కసారి కూడా మారు వడ్డించుకోలేదు. నేను వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టేస్తారు" అంది.

నాకు తెలీదండి. నిజంగా తెలీదు. నేను ఎవరింట్లోనూ మారు వడ్డించుకోనన్న సంగతి నాకు యాభై ఎనిమిదో ఏట తెలిసింది. నా పుండు చీము ఆ పిల్ల మీద కారుతోంది, ఆరేళ్లుగా. అది తన వంట బాలేదనుకుని లోలోపల కుమిలిపోతోంది. చూడండి, ఎక్కడి పెదనాన్న, ఎక్కడి కోడలు!

ఆ రాత్రి పడుకుంటే నిద్ర పట్టలేదు. సరే, ఇంతమందికి కట్లు కట్టావు, నీ కట్టు నువ్వు విప్పుకోవా అనుకున్నాను.

ఎలా విప్పాలో నాకొక పద్ధతి తెలుసు. మా ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం డాక్టరమ్మ ఒకావిడ మా నర్సులకి క్లాసు తీసుకున్నప్పుడు చెప్పింది. అమెరికాలో పెన్నెబేకర్ అని మనస్తత్వ శాస్త్రవేత్త. 1986లో ఆయనా, బీల్ అని ఆయన విద్యార్థినీ కలిసి ఒక ప్రయోగం ప్రచురించారు. డాలస్‌లో కాలేజీ పిల్లలు 46 మంది. వరసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట రాయమన్నారు. కొంతమంది చేత ఏవో మామూలు సంగతులు రాయించారు. కొంతమంది చేత జీవితంలో తమని బాగా బాధపెట్టిన సంఘటన, జరిగిందీ, దాని గురించి తమకేమనిపించిందీ, రెండూ రాయించారు. రాసిన రోజున ఈ రెండోవాళ్లు ఇంకా దిగులుగా కనిపించారు. కానీ తర్వాత ఆరు నెలల్లో కాలేజీ ఆసుపత్రికి వెళ్లిన సందర్భాలు వాళ్లలో తగ్గాయి. తర్వాత ఇలాంటివి వందకి పైగా చేశారు. అన్నీ కలిపి లెక్కేస్తే సగటున లాభం ఉంది గానీ చిన్నదే. ఇది మీకు చెప్పి తీరాలి, లేకపోతే రేపు యూట్యూబులో చెప్పేవాళ్లకీ నాకూ తేడా ఏముంది?

నాకు అందులో నచ్చింది వేరే. రోజుకి పావుగంట. డ్రెస్సింగ్ కూడా అంతే! రోజుకొక్కసారి విప్పుతాం. చేతులు కడుక్కుని విప్పుతాం, చూస్తాం, కడుగుతాం, గుడ్డ పెడతాం, కట్టేస్తాం. మిగతా ఇరవై మూడు గంటల నలభై ఐదు నిమిషాలు దాని జోలికి వెళ్లం. మానడమంతా ఆ కట్టు కింద, మనం చూడనప్పుడు జరుగుతుంది. గంటగంటకీ కట్టు విప్పి చూసుకునే పేషెంటు ఉంటాడు చూడండి, వాడిది మానదు. వేళ్లతో పక్కు గిల్లేవాడిది అసలు మానదు.

లోపలికి చూసుకోవడం వేరు, లోపల గిల్లుకోవడం వేరు. రెండూ బయటికి ఒకేలా ఉంటాయి. రెండిటికీ మనిషి కిటికీ దగ్గర కూర్చుని ఆలోచిస్తున్నట్టే కనబడతాడు. "నాకే ఎందుకిలా, నాకే ఎందుకిలా" అని ఒకటే చోట తిరగడం గిల్లుకోవడం. దీని మీద కూడా పరిశోధన ఉంది. 1989 అక్టోబరులో కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం వచ్చింది. నోలెన్ హోక్సెమా అనే ఆవిడ, సరిగ్గా దానికి రెండు వారాల ముందు, స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల్ని ప్రశ్నలడిగి ఉంది, దిగులొస్తే మీరేం చేస్తారు అని. భూకంపం అయ్యాక మళ్లీ అడిగింది. దిగులు చుట్టూనే తిరిగే అలవాటు ముందునుంచీ ఉన్నవాళ్లలో ఏడు వారాల తర్వాత కూడా కుంగుబాటు ఎక్కువ కనిపించింది. భూకంపం అందరికీ వచ్చింది కదా? గిల్లుకున్న వాళ్లకి ఎక్కువ కాలం నిలిచింది.

ఇంకో రకం వాళ్లున్నారు, అతిశుభ్రం వాళ్లు. మేం ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతి పుండులోనూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసేవాళ్లం. తెల్లగా బుసబుస నురగొస్తుంది, పేషెంటుకీ తృప్తి, మాకూ తృప్తి. తర్వాత తెలిసింది, అది మురికితో పాటు కొత్తగా పుట్టే కణాలని కూడా చంపుతుందని. రోజూ పోస్తే పుండు అక్కడే ఆగిపోతుంది. తమని తాము రోజూ నిందించుకుంటూ దానికి ఆత్మవిమర్శ అని పేరు పెట్టుకునేవాళ్లని చూస్తే నాకా నురగ గుర్తొస్తుంది. తప్పంతా నాదే, నాదే, నాదే... బుసబుస. సెలైన్ చాలండి. ఉప్పునీళ్లు.

నా సంగతికొస్తాను. పాత నైట్ డ్యూటీ నోటు పుస్తకం ఒకటి తీసుకున్నాను. మొదటి రోజు పావుగంటలో నాలుగు పేజీలు. పెదనాన్నని అనరాని మాటలన్నీ అన్నాను. ఇక్కడ పిల్లలున్నారు, చదవను! ఆ రాత్రి బీపీ చూసుకుంటే పెరిగింది. రెండో రోజు కూడా అవే తిట్లు, అదే వరసలో. ఇది డ్రెస్సింగ్ కాదు, గోకుడు అని నాకే తెలిసిపోయింది. మానేద్దామనుకున్నాను.

మూడో రోజు ఆ డాక్టరమ్మ చెప్పిన ఇంకో మాట గుర్తొచ్చింది. "నేను" అని కాకుండా పక్కవాళ్ల గురించి రాసినట్టు రాసి చూడు, కొంచెం దూరంగా నిలబడి చూసినట్టుంటుంది అని. సరే, "ఆ పిల్ల కంచం ముందు కూర్చుంది" అని మొదలుపెట్టాను. ఆ పిల్ల రెండు జడలు వేసుకుంది. ఆ పిల్ల వేళ్లకి ఆవకాయ నూనె. ఆ పిల్ల అన్నం అడిగింది. వాళ్లమ్మ తీసింది. వసారాలోంచి మాట వచ్చింది. అప్పుడు...

అప్పుడు వాళ్లమ్మ హస్తంలో ఉన్న అన్నాన్ని మళ్లీ గిన్నెలో పెట్టేసింది.

నలభై ఆరేళ్లలో నేను ఈ కథ ఎంతమందికో చెప్పాను. ఎప్పుడూ పెదనాన్న మాట దగ్గర ఆపేసేదాన్ని. ఆ హస్తం వెనక్కి వెళ్లడం ఒక్కసారి కూడా చెప్పలేదు. పైన మూసుకున్న చర్మం పెదనాన్న. గుంట అడుగున ఉన్నది మా అమ్మ. ఆయన మీద కోపం తెచ్చుకోవడం తేలికండి, ఆయన పరాయివాడిలాంటి వాడు. అమ్మ మీద కోపం ఎక్కడ పెట్టుకుంటాం? పెట్టుకునే చోటు లేక మూసేశాను.

నాలుగో రోజు రాసింది ముప్పావు పేజీ. లెక్క రాశాను. అప్పటికి మా అమ్మ వయసు ముప్పై ఒకటి. నాకు ముప్పై ఒకటప్పుడు పర్మనెంటు ఉద్యోగం ఉంది, నెల తిరిగితే జీతముంది, క్వార్టర్స్ తాళం చెవి బొడ్లో ఉంది. మా అమ్మ చేతిలో ఆ హస్తం తప్ప ఏమీ లేదు. నా మారు అన్నం కోసం ఆయనతో మాట పడితే ముగ్గురు పిల్లలతో ఏ చెట్టు కిందికి వెళ్తుంది? ఇదంతా నాకు తెలియని విషయమా? తెలుసు. కానీ తెలియడం వేరు, రాసుకుంటూ ఉండగా "ఎందుకంటే" అని కలం దానంతటదే రాయడం వేరు. పెన్నెబేకర్ గారు కూడా తర్వాత ఇదే గమనించారట, ఎవరి రాతల్లో రోజులు గడిచేకొద్దీ "ఎందుకంటే", "ఇప్పుడర్థమైంది" లాంటి మాటలు పెరుగుతాయో వాళ్లకి ఎక్కువ మేలు జరుగుతోందని. మొదటి రోజు నా నాలుగు పేజీల్లో ఒక్క "ఎందుకంటే" లేదు. తర్వాత వెతికి చూశాను.

ఇక్కడ మీరు అడుగుతారు, అయితే పెదనాన్నని క్షమించేశారా అని. మొన్న ఒక చోట ఇది చెబితే ఒకాయన లేచి అడిగాడు కూడా. తెలీదు బాబూ. ఆ ఇంట్లో తినేవాళ్లం పదకొండుమందిమి, సంపాదించేది ఆయనొక్కడు, అదీ తెలుసు. ఆ మాట అనక్కర్లేదు, అదీ తెలుసు. క్షమించాలి, క్షమించాలి అని మెడ మీద కూర్చోవడం కూడా కుట్లు తొందరగా విప్పమన్నట్టే. మొహం మీద కుట్లు ఐదు రోజులకి తీసేస్తాం, పాదం మీదైతే రెండు వారాలు ఉంచుతాం. ఒంట్లోనే చోటుని బట్టి తేడా ఉన్నప్పుడు, మనుషుల్లో ఉండదా? మా తమ్ముడు ఆయన తద్దినానికి వెళ్తాడు. నేను వెళ్లను. మా ఇద్దరికీ దాని మీద గొడవ లేదు.

ఇందాకటి గుండు గుర్తుందా? ఆ మాట బయటికి వచ్చిందా అంటే రాలేదు. విదురుడు చెప్పింది నిజమే, అది ఎన్ని ఉపాయాలకీ రాదు. ఇప్పటికీ ఆవకాయ జాడీ చూస్తే ఆ వసారా కనబడుతుంది. నా పేచీ ఒక్కటే, రాకపోతే మానదని ఎవరన్నారు? చుట్టూ కండ పెరగాలి, అంతే. మానిన చోట కూడా మచ్చకి అసలు చర్మమంత గట్టితనం రాదు. నెలలు గడిచినా ఎనభై శాతం దగ్గరే ఆగుతుంది. ఆ ఎనభైతోనే పనులన్నీ అయిపోతాయి.

రెండు జాగ్రత్తలు చెప్పి దిగిపోతాను. టీ చల్లారిపోతోందని అక్కణ్ణుంచి చూస్తున్నారు, నాకు కనబడుతోంది.

నిన్న మొన్న తగిలిన దెబ్బని కెలకొద్దు. యాక్సిడెంటైన వెంటనే, ఇంట్లో మనిషి పోయిన వెంటనే, కూర్చోబెట్టి "చెప్పు, ఏం జరిగిందో అంతా చెప్పు" అని చెప్పించడం వల్ల మేలు లేదని, కొందరికి కీడు కూడా జరిగిందని పరిశోధనల్లో తేలింది. తాజా గాయానికి ముందు రక్తం ఆపాలి, అంటే పక్కన కూర్చోవాలి, అన్నం పెట్టాలి, నిద్రపోనివ్వాలి. వాళ్లంతట వాళ్లు చెబితే వినాలి. నేను రాసింది నలభై ఆరేళ్ల నాటి దాని గురించి, మరీ అంత ఆగమని కాదులెండి!

రెండోది, కొన్ని ఇంట్లో కట్టుకునే కట్లు కావు. పుండు చుట్టూ ఎర్రదనం పాకుతున్నా, చలిజ్వరం వస్తున్నా ఆసుపత్రికి రమ్మంటాం కదా? అలాగే వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి మానేసినా, బతకడం ఎందుకనిపించినా నోటు పుస్తకం పక్కన పెట్టి మనిషి దగ్గరికి వెళ్లండి. 14416 అని టెలిమానస్ నంబరు, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోను సాయం, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు గోడ మీద రాయించమని కార్యదర్శి గారికి చెప్పాను, రాయిస్తానన్నారు. రాయించారా? లేదు. రేపటికి రాయించండి.

నిన్న రాత్రి భోజనం కార్యదర్శి గారింట్లోనే. వాళ్లమ్మాయి మారు పెరుగు వెయ్యబోతే నా చెయ్యి దానంతటదే అడ్డం వెళ్లిపోయింది. పెట్టాక గుర్తొచ్చింది నాకు. తీసేసరికి ఆ అమ్మాయి గిన్నె పట్టుకుని పక్క విస్తరి దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ పిలవాలి, అందరి ముందూ. పిలిచాను.